బొమ్మకూ బొమ్మకూ నడుమ సందు

రాత్రి పొద్దుపోయాక, ఇల్లు సద్దుమణిగాక, దీపం దగ్గరకు లాక్కుని తెరవవలసిన పుస్తకాలు కొన్ని ఉంటాయి. జో సాకో గీసిన 'సేఫ్ ఏరియా గొరాజ్దే' అలాంటిది. తెరవగానే మాటలకన్నా ముందు ఊరు పలకరిస్తుంది. కొండల ఒడిలో ఒదిగిన ఊరు, ఊరిని చీల్చుకుంటూ పారే ద్రీనా నది, నది మీద వంతెన. తూటాలు పొడిచిన గోడలు, అద్దాలు రాలిపోయిన కిటికీలకు బిగించిన ప్లాస్టిక్ పట్టాలు, చలికాలం కోసం నరికి పేర్చుకున్న కట్టెలు. ఆ శిథిలాల మధ్యనే చేతిలో సంచీతో, నెత్తిన టోపీతో, ఏదో పనిమీద నడిచిపోతున్న మనుషులు. ఎంత నెమ్మది ఆ ఊరిది! ఎంత మామూలు ఆ నడక! ఆ మామూలుతనమే మొదట గుండెను పట్టుకుంటుంది. రండి, కాస్త దగ్గరకు జరగండి. ఈ పుటలను ఒక్కణ్ణే చూసుకుని దాచుకోవడం నా వల్ల కావడం లేదు.

సాకో 1960లో మాల్టా ద్వీపంలో పుట్టి, ఆస్ట్రేలియాలో పెరిగి, అమెరికాలో జర్నలిజం చదివాడు. వార్తను బొమ్మల్లో రాసే విద్యకు ఇవాళ గ్రాఫిక్ జర్నలిజం అని పేరు స్థిరపడిందంటే అందులో పెద్ద పాలు ఆయన చేతి చలవే. పాలస్తీనా మీద గీసిన పుస్తకంతో 1996లో అమెరికన్ బుక్ అవార్డు అందుకున్నాడు. బోస్నియా యుద్ధం ఆరిపోతున్న వేళ, 1995 చివర్లో, ఐక్యరాజ్యసమితి కాన్వాయ్ వెంట గొరాజ్దే చేరాడు. ఒక్కసారి చూసి వచ్చేయలేదు, నాలుగుసార్లు వెళ్లాడు. పుస్తకం 2000లో వెలువడింది, మరుసటి ఏడు బొమ్మల కథలకిచ్చే ఐస్నర్ పురస్కారం పొందింది. 'సేఫ్ ఏరియా' అన్న మాట భద్రతామండలిది. 1993లో ఆ మండలి సారాయెవో, తుజ్లా, బిహాచ్, స్రెబ్రెనిత్సా, జెపా, గొరాజ్దే అనే ఆరు చోట్లను సురక్షిత ప్రాంతాలుగా ప్రకటించింది. వాటిలో స్రెబ్రెనిత్సా, జెపా 1995 జూలైలో పడిపోయాయి. స్రెబ్రెనిత్సాలో సుమారు ఎనిమిది వేలమంది ముస్లిం పురుషులను, మగపిల్లలను ఊచకోత కోశారు. తూర్పు బోస్నియాలో మిగిలి నిలిచింది గొరాజ్దే ఒక్కటే. అట్టమీద ఉన్న ఆ 'సేఫ్' అన్న మాట పుస్తకం పూర్తయ్యేదాకా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

మనవి బాపు గీత దగ్గర పెరిగిన కళ్లు. ఒక్క వంపు తిరిగితే చాలు, వాలుజడ వచ్చేది, వయ్యారం వచ్చేది. గీయకుండా వదిలిన తెలుపులోనే సగం బొమ్మ ఉండేది. సాకోది అందుకు పూర్తిగా ఎదురుదారి. ఆయన ఏదీ వదలడు. పెంకు పెంకుకూ గీత, ఇటుక ఇటుకకూ గీత, ముసలితల్లి బుగ్గమీది ముడత ముడతకూ గీత. నిలువు గీతల మీద అడ్డగీతలు, వాటి మీద ఏటవాలు గీతలు, మగ్గం మీది పడుగుపేకల్లా, ముసురు పట్టిన వానలా! ఒకరోజు భూతద్దం పట్టుకుని ఒకే ఒక్క గోడముక్క చూస్తూ కూర్చున్నాను. గుండు తగిలి సున్నం లేచిపోయిన చోటు అది. బొమ్మలో చూస్తే బొటనవేలి గోరంత కూడా లేదు. అందులో ఎన్ని గీతలు! ఒక్కొక్క గీతా ఆ గాయాన్ని నిమిరే వేలిలా ఉంది. తొందరపడే చెయ్యి అలా గీయలేదు. కెమెరాకు ఆ గోడ ఒక్క క్షణం పని. ఈ చెయ్యి మాత్రం దాని పక్కనే గంటలకొద్దీ కూర్చుంది, జబ్బుపడ్డవాళ్ల మంచం పక్కన మనవాళ్లు కూర్చున్నట్టు. ఆ కూర్చోవడంలోని ప్రేమే నాకు ఈ పుస్తకపు మొదటి సౌందర్యం.

ఇంత ప్రేమ దేనిమీద? పోయిన దానిమీద. పోయింది ఇళ్లు మాత్రమే అయితే మళ్లీ కట్టుకోవచ్చు. బోస్నియా వాళ్లు పొరుగువాణ్ణి 'కొమ్షియ' అంటారు. ఇరుగుపొరుగుల నడుమ ఉండే ఆ అనుబంధానికంతటికీ కలిపి 'కొమ్షిలుక్' అని పేరు. ఆ మాటకు రుచి ఉంది, వాసన ఉంది. పొడుగాటి పిడి ఉన్న జెజ్వాలో పొంగిన కాఫీ వాసన అది. పిడిలేని చిన్ని ఫిల్జాన్ కప్పును రెండు వేళ్లతో పట్టుకుని, పొరుగింటి అరుగుమీద పొద్దుగుంకే దాకా చెప్పుకునే కబుర్ల రుచి అది. బైరామ్ పండక్కి ముస్లిం ఇంటికి సెర్బ్ పొరుగువాడు, క్రిస్మస్‌కి సెర్బ్ ఇంటికి ముస్లిం పొరుగువాడు! మన పల్లెల్లో ప్రహరీగోడ మీదుగా కూరగిన్నె చేతులు మారుతుందే, ఖాళీ గిన్నె తిరిగివ్వడం మర్యాద కాదని అందులో ఏదో ఒకటి వేసి పంపుతారే, ఆ గిన్నె లాంటిది కొమ్షిలుక్.

1991 జనాభా లెక్కల్లో గొరాజ్దే మునిసిపాలిటీలో సుమారు 37 వేలమంది. పదిమందిలో ఏడుగురు ముస్లింలు, నాలుగోవంతు సెర్బులు. బోస్నియా యుగోస్లావియాలో భాగంగా ఉన్న రోజుల్లో, టిటో పాలనలో 'సోదరత్వం, ఐక్యత' అన్నది నినాదం. 1980లో టిటో పోయాడు. రెండో ప్రపంచయుద్ధకాలంలో ఒకరినొకరు నరుక్కున్న జ్ఞాపకాలను పాతిపెట్టిన చోటి నుంచి నాయకులు మళ్లీ తవ్వి తీశారు. ఈ చరిత్రను సాకో చెప్పవలసినంత చెప్పి ముందుకు సాగుతాడు. ఆయన మనసంతా మనుషుల మీద. ఆయనకు దారి చూపిన దుబాసీ ఎదిన్ సారాయెవోలో ఇంజనీరింగ్ చదువు ముగియవచ్చిన వేళ యుద్ధం మూలంగా సొంత ఊళ్లో చిక్కుకుపోయిన యువకుడు. పిల్లలకు లెక్కలు చెప్పిన చేత్తోనే తుపాకీ పట్టినవాడు. అతని కళ్లతోనే మనం ఊరంతా తిరుగుతాం.

మన భాషలో సందు అన్న మాటకు రెండర్థాలున్నాయి. రెండు వస్తువుల నడుమ ఖాళీ సందు. రెండు వరసల ఇళ్ల నడుమ నడిచే దారి కూడా సందే. బొమ్మల కథలో గడికీ గడికీ మధ్య వదిలే జాగాకు ఇంతకన్నా అందమైన మాట నాకు తోచదు. పాఠకుడు ఒక బొమ్మలోంచి మరో బొమ్మలోకి ఆ సందులోంచే నడిచి వెళతాడు. చిత్రకారుడు గీయనిది, పాత్ర పలకనిది, మనం మాత్రమే ఊహించగలిగేది అక్కడే మెదులుతుంది. మన ఆలంకారికులు ధ్వని అన్నారే, దాని కాపురం ఆ ఖాళీలోనే.

ఆ సందుతో సాకో ఏం చేశాడో చూడండి. తాను కళ్లారా చూసిన గొరాజ్దే తెల్లటి పుటల మీద ఉంటుంది. బొమ్మల చుట్టూ తెలుపు, నడుమ తెలుపు. ఎవరో ఒకరు గొంతు సవరించుకుని యుద్ధం మొదలైన 1992ను తలచుకోగానే పుట నల్లబడిపోతుంది. అంచులు నలుపు, సందులు నలుపు. అంతవరకూ పొరుగువాడు కాఫీకి నడిచి వచ్చిన సందు, పిల్లలు బంతి తన్నుకుంటూ పరుగెత్తిన సందు, ఒక్క పుట తిప్పేసరికి ఎవడు ఏ తుపాకీతో వస్తాడో తెలియని సందు అయిపోతుంది! దారి అదే! గోడలు అవే! మనిషీ అతడే! మారింది సందు రంగు ఒక్కటే. ఇంత పెద్ద దుఃఖానికి ఇంత చిన్న ఉపాయమా అని మొదటిసారి చూసినప్పుడు నా చేతివేళ్లు పుట అంచున అలాగే ఆగిపోయాయి. తర్వాత ఎన్నిసార్లు చదివినా, ముందు పుట నల్లగా ఉందని తెలిస్తే చాలు, తిప్పేముందు చెయ్యి కాస్త తటపటాయిస్తుంది.

ఆ నల్ల పుటల్లో ఫిరంగులకన్నా నన్ను కుంగదీసేది మౌనం. సెర్బ్ సేనల దాడికి ముందు చెప్పాపెట్టకుండా ఊరు వదిలిపోయిన సెర్బ్ పొరుగువాళ్ల మౌనం. నిన్నటిదాకా ఉప్పూ పప్పూ ఇచ్చిపుచ్చుకున్న ఇంటివాడికి రేపు ఏం జరగబోతోందో తెలుసు. అయినా ఒక్క మాట, ఒక్క సైగ లేదు. ఆ తర్వాత తుపాకులు పట్టుకుని వచ్చినవాళ్లలో తెలిసిన ముఖాలున్నాయని బతికి బయటపడ్డవాళ్లు చెబుతారు. చెబుతున్నప్పుడు ఆ ముఖాలను సాకో ఎంత దగ్గరగా గీస్తాడో! కళ్లు మనవైపు ఉంటాయి, చూపు మాత్రం ఎక్కడో నల్లటి సందులో తప్పిపోయి ఉంటుంది. శత్రువు చేసిన గాయం మీద కోపం రగులుతుంది. స్నేహితుడు చేసిన గాయం అర్థం కాదు, అందుకే మానదు. ఆ అర్థంకానితనాన్ని, కనుబొమల నడుమ ముడిపడి నిలిచిపోయిన ఆ ప్రశ్నను, ఇన్ని ముఖాల మీద ఇన్ని విధాలుగా గీయగలిగిన చెయ్యి ఎంత కరుణ గలదై ఉండాలి!

కరుణ అనగానే భవభూతి గుర్తుకురాక మానడు. రసాలన్నింటికీ మూలం కరుణేనని నమ్మిన మహాకవి ఆయన. ఉత్తరరామచరితం మొదటి అంకంలో చిత్రదర్శనం ఘట్టం ఉంది. వనవాసపు కథనంతా బొమ్మలుగా రాయించి లక్ష్మణుడు చూపిస్తుంటే సీతారాములు చూస్తారు. తమ కష్టమే, దాటి వచ్చేసిన కష్టమే. అయినా బొమ్మలో చూడగానే రాముడి కంట నీరు నిలుస్తుంది, జరిగిపోయింది మళ్లీ జరుగుతున్నట్టు సీత బెదిరిపోతుంది. వరుస బొమ్మల్లో యుద్ధాన్నీ ఎడబాటునూ చూస్తూ చలించిపోవడం మన సహృదయులకు కొత్త కాదన్నమాట. చేర్యాల పటం విప్పుతూ కథ చెప్పేవాడి ముందు రాత్రంతా కూర్చున్న మన పల్లెలకూ కొత్త కాదు. సాకో ఆ పటాలను చూశాడో లేదో, ఆయన చేస్తున్న పని మాత్రం వాటికి దూరపుచుట్టం. ఎదిన్ వంటివాళ్ల మాట విని, వాళ్ల బతుకును వాళ్ల ముందే పటంలా పరిచాడు. చూస్తున్న మనం సీతలా బెదురుతాం, రాముడిలా కన్నీరు తుడుచుకుంటాం.

ఇక ఆ మంచు! 1992 చలికాలంలో ఊరిని దిగ్బంధం చేస్తే తిండి లేక, రాత్రిపూట శత్రువుల కాపలాల నడుమ నుంచి కొండలెక్కి గ్రెబాక్ అనే చోటి దాకా నడిచి, పిండిమూటలు వీపున వేసుకుని తిరిగి వచ్చారు గొరాజ్దే జనం. దారిలో చలికి బిగుసుకుపోయి కూలినవాళ్లున్నారు. ఆ ఘట్టం మొత్తం గతం గనుక పుట అంచులు నలుపు. బొమ్మ నిండా మంచు గనుక లోపల తెలుపు. నల్లని చట్రంలో తెల్లని చావు! ఆ తెలుపు మీద చీమలబారులా సాగిపోయే మనుషులు. అంతవరకూ గీతల మీద గీతలు పేర్చిన చెయ్యి ఇక్కడ కాగితాన్ని అలా వదిలేసి, ఆ వదిలెయ్యడంతోనే చలిని మన ఎముకల్లోకి దింపుతుంది. గీయడం తెలిసినవాళ్లు చాలామంది. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు కొద్దిమంది. ఔచిత్యమంటే ఇదే కదా! ఆ పుటలు చదివి లేచాక వేసవి రాత్రి కూడా దుప్పటి వెతుక్కున్నాను.

ఇంత చీకటిలోనూ ద్రీనా పారుతూనే ఉంటుంది. ఇదే నది కాస్త దిగువకు వెళితే విషెగ్రాద్ వస్తుంది. ఇవో ఆంద్రిచ్ నవలతో లోకమంతా ఎరిగిన వంతెన అక్కడే ఉంది. 1992లో ఆ వంతెన మీద మనుషులను చంపి నదిలోకి తోశారు. ఎగువన గొరాజ్దేలో అదే నీటిమీద జనం ఏం చేశారో తెలుసా? కరెంటు పోయింది గనుక దొరికిన ఇనుపముక్కలూ డ్రమ్ములూ మోటార్లూ కలిపి నీటిచక్రాలు కట్టి, తాళ్లతో వంతెనకు బిగించి, పారే నీటితో బల్బు వెలిగించుకున్నారు. కొండలమీది తూటాలకు దొరక్కుండా వంతెన కిందనే ఇంకో చిన్న నడకదారి వేలాడదీసుకున్నారు. సాకో ఆ చక్రాలను ఎంత మురిపెంగా గీశాడని! తడిసిన చెక్కలు, తిరిగే రెక్కలు, నురుగులు కక్కే నీళ్లు. చూస్తుంటే చప్పుడు వినిపిస్తుంది. పక్కింటివాడి మీద నమ్మకం పోయినవాళ్లకు నది మీద నమ్మకం మిగిలింది. ఆశ అన్నది ఇంతకన్నా కంటికి కనబడేలా మరెక్కడా నేను చూడలేదు.

ఇంకో ఆశ ఉంది, అది కాస్త అల్లరి ఆశ. ఊళ్లో కొందరు పడుచుపిల్లలున్నారు. కాల్పులు తగ్గాక వాళ్ల మనసంతా జీన్స్ మీదకు పోయింది. అసలైన లీవైస్ 501 కావాలి, సారాయెవో నుంచి తెచ్చిపెట్టమని విలేకరిని అడుగుతారు. రికీ అనే సైనికుడున్నాడు. కందకంలోంచి వచ్చినవాడు, అమెరికన్ పాటలు గొంతెత్తి పాడతాడు. అతను పాడుతున్నప్పుడు నోరు ఎంత పెద్దగా తెరుచుకుంటుందో, మెడనరాలు ఎలా ఉబ్బుతాయో, చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు ఎలా విచ్చుకుంటాయో! కరుణలో హాస్యం కలిస్తే రసభంగం అవుతుందని భయపడేవాళ్లు ఈ పుటలు చూడాలి. ఆ నవ్వువల్లే దుఃఖం లోతు తెలుస్తుంది. నాలుగేళ్ల యవ్వనాన్ని యుద్ధం మింగేస్తే, మిగిలిన దాన్ని ఒక నీలిరంగు జీన్స్‌లో, ఒక పరాయిదేశపు పాటలో వెతుక్కుంటున్న పిల్లలు వాళ్లు. వాళ్లను చూసి నవ్వుతూ నవ్వుతూ కంట తడిపెట్టుకున్నాను.

ఈ ముఖాలన్నిటి నడుమ ఒక్క ముఖానికే కళ్లు లేవు. అది సాకోది. తనను తాను గీసుకున్న చోటల్లా గుండ్రటి కళ్లజోడు, దాని వెనక వట్టి తెలుపు. అందరి కళ్లలో అంత వెలుగూ అంత నీడా నింపిన చెయ్యి తన కళ్లను ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీ అద్దాల్లోంచి చూడవలసింది మనం. విలేకరి చూసి చెప్పాడు, మనం విన్నాం అనుకునే వీలు ఆయన మిగల్చలేదు. ఆ చలిలో, ఆ వంటింట్లో, పొగ కక్కే ఆ పొయ్యి పక్కన మనమే కూర్చుంటాం. అదొక గొప్ప వినయం! ఆ వినయంతోనే ఆయన గొరాజ్దేలో మిగిలిపోయిన కొద్దిమంది సెర్బుల ఇళ్ల తలుపులూ తట్టాడు. ఊరివాళ్లకు పరాయివాళ్లై, కొండమీది తమవాళ్లకూ పరాయివాళ్లై, రెండు నల్ల సందుల నడుమ ఇరుక్కున్న బతుకులవి.

పుస్తకం చివరికి వస్తున్నకొద్దీ సాకో ఒకే ప్రశ్నను ఒక్కొక్కరి ముందూ పెడతాడు. మళ్లీ సెర్బులతో కలిసి బతకగలరా? ప్రశ్న ఒక్కటే, జవాబుకో ముఖం. కుదరదని తేల్చేసిన ముఖం, బతకక తప్పదన్న ముఖం, జవాబు కోసం నేలలో వెతుకుతున్న ముఖం. ఈ వరుసను తిప్పి తిప్పి చూశాను. పెద్ద సంఘటనేదీ లేదు, పేలుడు లేదు, మంచు లేదు, మనుషుల ముఖాలు మాత్రమే. కానీ పుస్తకమంతా పోగైన శోకం అక్కడికొచ్చి గడ్డకట్టి, చూస్తుండగానే కరిగి రసమై ప్రవహిస్తుంది! ఇళ్లు కూలితే గోడలు కనిపిస్తాయి. స్నేహం కూలితే ఏం కనిపిస్తుందో ఆ ముఖాల్లో కనిపిస్తుంది. ఇక ఆ తర్వాత చాలాసేపు దీపం ఆర్పాలనిపించదు.

ఆ ప్రశ్నను సాకో బోస్నియాలోనే వదిలి రాలేదు, మన దేశానికీ తెచ్చాడు. 2013 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ చెరకుతోటల మధ్య జాట్లకూ ముస్లింలకూ నడుమ చెలరేగిన హింసలో 60 మందికి పైగా చనిపోయారు, 50 వేలమందికి పైగా ఇళ్లు విడిచి పారిపోయారు. రైతు నాయకుడు మహేంద్ర సింగ్ టికాయత్ పిలుపిస్తే జాట్ రైతూ ముస్లిం రైతూ ఒకే జెండా కింద కదిలిన నేల అది. ఆ పల్లెలు తిరిగి సాకో గీసిన 'ది వన్స్ అండ్ ఫ్యూచర్ రయట్' 2025లో వచ్చింది. గొరాజ్దే చదివినవారు ఆ పుస్తకం తెరిస్తే, నులకమంచం మీద కూర్చుని మాట్లాడే రైతు కనుబొమల నడుమ ఆ పాత ముడి కోసమే వెతుకుతారు.

మళ్లీ గొరాజ్దేకు వద్దాం. 1995 నవంబరులో అమెరికాలోని డేటన్‌లో కుదిరిన శాంతి ఒప్పందం ఆ ఊరిని కాపాడింది. కాని యుద్ధానికి ముందున్న మునిసిపాలిటీని గీత గీసి విడదీసింది. ఇవాళ పటంలో రెండు గొరాజ్దేలున్నాయి: ఒకటి బోస్నియాక్‌ల (బోస్నియా ముస్లింల), క్రొయాట్ల ఫెడరేషన్‌లో ఉన్న గొరాజ్దే, రెండోది సెర్బ్ రిపబ్లిక్‌లో ఉన్న నోవో గొరాజ్దే, అంటే కొత్త గొరాజ్దే. ఒకప్పుడు కాఫీకి నడిచి వెళ్లిన దూరమే అది. ఈ పుస్తకం మీకు దొరికితే ఒక్క బిగిన చదివేయకండి. రోజుకు నాలుగైదు పుటలు చాలు. బొమ్మలు చూడండి, ముఖాలు చూడండి, బొమ్మకూ బొమ్మకూ నడుమ ఉన్న సందు దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగండి. ద్రీనా మాత్రం ఆ రెండు ఊళ్ల మీదుగానూ ఒకే నదిగా పారుతోంది.